కొడుకు డ్రమ్ కోర్ అంటున్నాడు, తండ్రి ఇంటర్న్‌షిప్ అంటున్నారు

టెక్సాస్‌లో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన విషయాలు మాత్రం నా మాటల్లో ఇస్తున్నాను.

వీళ్లది గుంటూరు వైపు. డాలస్ దగ్గర స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. భర్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. ఆవిడ ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తారు. పెద్దవాడికి 19 ఏళ్లు. అక్కడే పుట్టాడు, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు చదువుతున్నాడు. చిన్నప్పుడు కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నాడు. హైస్కూల్లో మార్చింగ్ బ్యాండులో చేరి స్నేర్ డ్రమ్ (రెండు కర్రలతో వాయించే డ్రమ్ము) భుజాలకు తగిలించుకున్నాక ఇక దాన్ని వదల్లేదు. డ్రమ్ కోర్ అంటే వేసవంతా ఊరూరా తిరిగి పోటీల్లో వాయించే యువ బృందం. పోయిన ఏడాది ఒక పేరున్న డ్రమ్ కోర్‌కి ఆడిషన్ ఇస్తే తీసుకోలేదు. ఆ తర్వాత ఏడాది పొడుగునా హాస్టల్ గదిలో రబ్బరు ప్యాడ్ మీద సాధన చేస్తూనే ఉన్నాడట. ఈసారి అదే కోర్‌లో స్నేర్ లైన్‌లో చోటు దొరికింది, కాంట్రాక్ట్ చేతికొచ్చింది. మే మూడో వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా పూర్తిగా వాళ్లతోనే ఉండాలి. జీతం లేదు సరికదా, ఫీజే ఐదు వేల డాలర్లు దాటుతోంది.

సరిగ్గా ఇదే వేసవికి తండ్రి తన స్నేహితుడి కంపెనీలో ఇంటర్న్‌షిప్ మాట్లాడి పెట్టారు. విషయం బయటపడ్డాక ఇంట్లో పెద్ద గొడవ. "డప్పు కొట్టుకోవడానికి ఎదురు డబ్బు కట్టాలా? పెళ్లి బ్యాండువాళ్లకైనా కూలి ఇస్తారు" అన్నారట ఆయన. కొడుకు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఏం చెప్పాలన్నా ఈవిడ ద్వారానే. మొదటి వాయిదా కట్టే గడువు దగ్గరపడుతోంది. భర్తకు చెప్పకుండా తన ఖాతాలోంచి కట్టేద్దామా అని ఆలోచిస్తున్నారు. "వాడికి అంత ఇష్టం. ఆయన భయంలోనూ న్యాయం ఉందనిపిస్తోంది. అసలు ఈ డ్రమ్ కోర్ అంటే ఏమిటో నాకే సరిగ్గా తెలీదు. నేను ఎవరి వైపు మాట్లాడాలి?" అని అడిగారు.

అమ్మా,

"అసలు ఇదేమిటో నాకే సరిగ్గా తెలీదు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీకు తెలీదు, మీవారికి తెలీదు. తెలియకుండానే ఇల్లు రెండు ముక్కలైంది. అందుకని ముందు మీ అబ్బాయి దేనికి ఎంపికయ్యాడో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ఎవరి వైపు మాట్లాడాలన్నది తర్వాత చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు డ్రమ్ములూ బ్యూగుల్సూ పట్టుకుని బృందాలు పెట్టుకున్నాయి. వాళ్ల అండతోనే పిల్లల బృందాలూ పుట్టాయి. 1970ల మొదట్లో ఆ యువ బృందాల్లో కొన్ని కలిసి, తమ పోటీలు తామే నడుపుకుందామని డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థను పెట్టుకున్నాయి. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇప్పుడు ఫైనల్స్ ఆగస్టులో ఇండియానాపోలిస్‌లోని ల్యూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి. హైస్కూలు బ్యాండులో ఉండే క్లారినెట్లు, ఫ్లూట్లు ఇక్కడ ఉండవు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, మైదానం అంచున మారింబా, వైబ్రఫోన్ లాంటి, కర్రలతో పలకల మీద వాయించే వాద్యాలు, జెండాలూ చెక్క రైఫిళ్లూ గాల్లోకి విసిరి పట్టుకునే కలర్ గార్డ్. పెద్ద కోర్ అయితే 150 మందికి పైగా ఉంటారు. వాళ్లంతా ఒక వేసవి మొత్తం పది పన్నెండు నిమిషాల షో ఒక్కటే సాధన చేస్తారు. వయసు ఇరవై ఒకటో రెండో దాటితే ఇక చోటు లేదు.

మీ అబ్బాయి ఏం చెయ్యబోతున్నాడో చెప్పాలంటే స్నేర్ లైన్ గురించి చెప్పాలి. అందులో సాధారణంగా ఎనిమిది తొమ్మిది మంది ఉంటారు. అన్ని డ్రమ్ములూ కలిసి ఒకే డ్రమ్ములా వినిపించాలి. ఆ డ్రమ్ముల పైతొడుగు కెవ్లార్ లాంటి పీచుతో చేసింది, చాలా గట్టిగా బిగిస్తారు. దాని మీద పడిన ప్రతి దెబ్బా స్పష్టంగా బయటికొస్తుంది కాబట్టి పొరపాటు దాచుకునే వీల్లేదు. కర్ర ఎంత ఎత్తు లేవాలో కూడా అంగుళాల్లో నిర్ణయిస్తారు. మెత్తటి దెబ్బకు మూడు అంగుళాలు, గట్టి దెబ్బకు తొమ్మిదో పన్నెండో. ఒకరి కర్ర మిగతావాళ్ల కంటే అంగుళం ఎక్కువ లేస్తే ఆ దెబ్బ బరువు మారిపోతుంది, లైన్ మొత్తం "డర్టీ"గా ఉందంటారు.

శాన్ ఆంటోనియో దగ్గర ఒక హైస్కూలు మైదానంలో ఒక కోర్ సాధన దగ్గర్నుంచి చూసే అవకాశం నాకు దొరికింది. ఉదయం పదింటికే ఎండ మాడ్చేస్తోంది. స్నేర్ లైన్ ఓ మూలన అర్ధచంద్రాకారంలో నిలబడి ఉంది. స్పీకర్లోంచి లెక్క కొట్టే మెట్రోనోమ్ టక్ టక్‌మంటోంది. ఎనిమిది లెక్కల ముక్క ఒకటి వాయిస్తున్నారు. మూడు సెకన్లలో అయిపోతుంది. నా చెవికి అంతా ఒక్కటిగానే వినిపించింది. శిక్షకుడు మాత్రం తల వంచుకుని విని, ఎవరిదో ఎడమ చెయ్యి కాస్త ముందు పడుతోందన్నాడు. మళ్లీ వాయించారు. మళ్లీ. నాలుగో కుర్రాడు తనంతట తనే చెయ్యెత్తి, అది తనదేనన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ విసుక్కోలేదు. అతను ఒక్కడే ఆ ముక్క వాయించి సరిచేసుకున్నాక అందరూ మళ్లీ కలిశారు. ఆ మూడు సెకన్ల మీద గంట దాకా గడిచింది. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు అడగకముందే తప్పు ఒప్పుకుని, దిద్దుకుని, మళ్లీ వరసలో కలిసిపోవడం చూసి నాకు వాళ్ల మీద చాలా గౌరవం కలిగింది.

ఇదంతా నిలబడి వాయించినప్పటి సంగతి. అసలు కష్టం నడుస్తూ వాయించడంలో ఉంది. ఐదు గజాల దూరాన్ని ఎనిమిది అంగల్లో దాటాలన్నది ప్రాథమిక కొలత, అంటే అంగకు 22.5 అంగుళాలు. షోలో ప్రతి ఆకారానికీ ప్రతి ఒక్కరికీ మైదానంలో ఒక చోటు ఉంటుంది, దాన్ని డాట్ అంటారు. ఫలానా గీతకు ఎన్ని అంగల పక్కన, ఎన్ని అంగల వెనక అని చిన్న నోటు పుస్తకంలో రాసుకుని, దారం కట్టి ఒంటికి తగిలించుకుని తిరుగుతారు. స్నేర్ వాయించేవాళ్లు చాలాసార్లు ముఖం ప్రేక్షకుల వైపే ఉంచి, కాళ్లు ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ పక్కకు నడవాలి. దీన్ని క్రాబ్ స్టెప్ అంటారు. భుజాల మీద డ్రమ్ము బరువు, కాళ్ల కింద గడ్డి, చేతుల్లో సెకనుకు పదికి పైగా దెబ్బలు. కిందికి చూడ్డానికి లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, బయటివాళ్లకు తట్టనిది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. మైదానం వెనక అంచున వాయించినది ముందు వరసకు, అంటే 45 మీటర్ల దూరానికి చేరడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. నిమిషానికి 180 లెక్కల వేగంలో ఒక లెక్కను నాలుగు చేస్తే, ఒక్కో భాగానికి దొరికేది సెకనులో పన్నెండో వంతు. అంటే వెనక నుంచి వచ్చే శబ్దం ఒక దెబ్బ కంటే ఎక్కువే ఆలస్యంగా చేరుతుంది. అందుకే ఎవరు ఎవర్ని వినాలి, ఎవరు చెవుల్ని నమ్మకుండా ముందు నిలబడి లెక్క చూపించే డ్రమ్ మేజర్ చేతుల్నే చూడాలి అన్నది ముందే తేల్చుకుంటారు. ముందున్న మారింబాల వాళ్లు వెనకనున్న డ్రమ్ లైన్‌ని విని వాయిస్తారు. వెనకవాళ్లు ముందు నుంచి వినబడేదాన్ని పట్టించుకోకూడదు. చెవికి తప్పుగా వినబడుతున్నా తన లెక్క వదలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో సంగీతం నేర్చుకున్న ఎవర్నయినా అడగండి.

మీ అబ్బాయి మృదంగం నేర్చుకున్నాడని రాశారు. ఆ రోజులు వృథా అయ్యాయని మీకు అనిపించి ఉంటే, అలా అనుకోకండి. ఒక లెక్కను నాలుగుగా, ఐదుగా, ఏడుగా విడగొట్టడం, చతురశ్రం నుంచి ఖండానికి, ఖండం నుంచి మిశ్రానికి తడబడకుండా మారడం అతనికి చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నదే. ఈ కోర్‌ల డ్రమ్ సంగీతంలో ఐదులూ ఏడులూ తరచూ వస్తాయి. మామూలుగా హైస్కూలు బ్యాండు నుంచి వచ్చే పిల్లలు వాటి దగ్గరే తడబడతారు.

పోటీ విషయానికొస్తే మార్కులు వందకు. 40 మొత్తంగా కలిగే ప్రభావానికి, 30 సంగీతానికి, 30 కదలికలకూ ఆకారాలకూ. పై స్థానాల మధ్య తేడా తరచూ ఒక మార్కు లోపే ఉంటుంది. ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక మార్కు 99.65. అది 2014లో కాలిఫోర్నియాకు చెందిన బ్లూ డెవిల్స్‌ది. ఒహాయోలో 1972లో మొదలైన బ్లూకోట్స్ మొదటిసారి ఛాంపియన్‌షిప్ గెలిచింది 2016లో. మధ్యలో ఎన్ని తరాల పిల్లలు వచ్చి, టైటిల్ చూడకుండానే వయసు దాటి వెళ్లిపోయారో ఆలోచించండి. గెలిచినా పిల్లల చేతికి డబ్బేమీ రాదు. మీ అబ్బాయి ఇవన్నీ తెలిసే, ఒకసారి కాదనిపించుకుని కూడా, మళ్లీ వెళ్లి నిలబడ్డాడు.

ఇక ఇందులో ఉండే ఇబ్బందులు కూడా దాచకుండా చెప్పాలి. మొదటి కొన్ని వారాలు ఒకేచోట ఉండి పొద్దున్నుంచి రాత్రి దాకా సాధన. తర్వాత టూర్. షో అయ్యాక రాత్రి బస్సెక్కుతారు, తెల్లవారుజామున ఇంకో ఊళ్లో దిగుతారు, ఏదో హైస్కూలు జిమ్‌లో నేల మీద పరుపు పరుచుకుని పడుకుంటారు, లేచి మళ్లీ మైదానంలోకి. వంట ట్రక్కులోనే. మోకాళ్లు, మడమలు, మణికట్లు నొప్పెడతాయి. ఎండదెబ్బ భయం ఉంది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తే తీరిక చాలా రోజులు ఉండదు. ఇదంతా చేసినందుకు రేపు ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. రెజ్యూమేలో ఒక లైను అవుతుంది, కొందరు అడుగుతారు, చాలామంది అడగరు. దీన్ని దీని కోసమే చెయ్యాలి.

మీవారి మాట గురించి ఇప్పుడు చెప్తాను. "డప్పు కొట్టుకోవడానికా" అన్న మాట కోపంలో వచ్చిందని మీరు సర్దిచెప్పారు. కోపంలో మన నోటికి ఏ మాటలు ముందొస్తాయో అవి ఊరికే రావు. చర్మవాద్యం వాయించేవాళ్లను తక్కువ చేసి చూడడం మన సమాజంలో పాత జబ్బు. డప్పు కొట్టినవాళ్లను ఊరి చివర ఉంచి, వాళ్ల డప్పు లేకుండా పెళ్లీ చావూ జాతరా ఏదీ నడపలేకపోయిన చరిత్ర మనది. తెలంగాణలో ఒగ్గుడోలు బృందం చూడండి. డోళ్లు నడుముకు కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ లేస్తూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతూ దెబ్బ తప్పకుండా వాయిస్తారు. మీ అబ్బాయి చేస్తున్నది దానికి దూరపు చుట్టమే. ఆ మాట వాడికి తగిలింది చదువుని పొగిడినందుకు కాదు, చేతిలో ఉన్న విద్యను చిన్నబుచ్చినందుకు. మీవారు ఇంటర్న్‌షిప్ మీద పట్టు వదలక్కర్లేదు, కానీ ఆ మాట ఒక్కటి వెనక్కి తీసుకోవడం మంచిది. ఈ విషయం మీరే ఆయనతో ఒంటరిగా చెప్పండి.

అలాగని ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉద్యోగాల మార్కెట్ ఎలా ఉందో రోజూ దగ్గర్నుంచి చూస్తున్న మనిషి. ఇంకోటి మీ ఉత్తరంలోనే ఉంది. స్నేహితుడిని అడిగి, మాట తీసుకున్నారు. ఇప్పుడు కొడుకు రానంటే ఆయన మాట పోతుంది. మన ఇళ్లల్లో తండ్రులు ఇది పైకి చెప్పరు, కోపంగా చూపిస్తారు. మీ అబ్బాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే, నాన్న తన డ్రమ్ముకి అడ్డం పడుతున్నారనే అనుకుంటూ ఉంటాడు.

మీ ముందున్న దారులు ఇవి.

అబ్బాయి ఈ వేసవే వెళ్లడం ఒకటి. అప్పుడు ఇంటర్న్‌షిప్ పోతుంది. అయితే ఏ ఏడాది పోతుందన్నది కూడా చూడాలి. అతనిప్పుడు రెండో ఏడు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ఎక్కువగా ఉద్యోగానికి దారితీసేది మూడో ఏడు తర్వాతి వేసవి. డ్రమ్ కోసం ఒక వేసవి వదులుకోవాల్సి వస్తే, వచ్చే ఏడు కంటే ఈ ఏడు వదులుకోవడమే తక్కువ నష్టం. ఆగస్టు మధ్యలో తిరిగొచ్చాక కాలేజీ నడుస్తుండగానే వారానికి కొన్ని గంటలు పనిచేసే అవకాశం ఇస్తారేమో ఆ స్నేహితుడిని అడగొచ్చు. అడగాల్సింది మీవారు కాదు, మీ అబ్బాయే. ఫోన్ చేసి, "అంకుల్, మీరు నాకోసం చోటు చూశారు, థాంక్స్. ఈ వేసవి నేను ఫలానా కారణంతో రాలేను" అని మర్యాదగా తనే చెప్పాలి. కాదన్నా ఫర్వాలేదు. తండ్రి మాట కొంతైనా నిలబడుతుంది, తన నిర్ణయానికి తనే జవాబు చెప్పడం అతనికి అలవాటవుతుంది.

ఈ వేసవి ఇంటర్న్‌షిప్ చేసి వచ్చే ఏడాది కోర్‌కి వెళ్లడం ఇంకోటి. వయసు లెక్కన చూస్తే ఇంకా ఒకటి రెండు వేసవులు మిగిలాయి, కాబట్టి వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ కాంట్రాక్ట్ వచ్చే ఏడాదికి మారదు. మళ్లీ ఆడిషన్, మళ్లీ క్యాంపులు, మళ్లీ అదే పోటీ. పైగా వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ ఇప్పటికంటే ముఖ్యం అవుతుంది, అప్పుడు ఇదే గొడవ ఇంకా గట్టిగా వస్తుంది. మనస్ఫూర్తిగా మాటిస్తేనే ఈ దారి ఎంచుకోండి. "ముందు ఇది కానీ, తర్వాత చూద్దాం" అని దాటేసే ఉద్దేశంతో అయితే వద్దు. పిల్లలు అది వెంటనే పసిగడతారు.

మధ్యేమార్గాలూ ఉన్నాయి. చలికాలంలో ఇన్‌డోర్ డ్రమ్ లైన్ల పోటీలు ఉంటాయి. డబ్ల్యూ.జి.ఐ. అనే సంస్థ నడుపుతుంది, వాటి ఫైనల్స్ ఏప్రిల్‌లో ఒహాయోలోని డేటన్‌లో. సాధన ఎక్కువగా శని, ఆదివారాల్లో. టెక్సాస్‌లో అలాంటి మంచి బృందాలున్నాయి. డ్రమ్ కోర్‌లలోనే ఓపెన్ క్లాస్ అని ఇంకో విభాగం ఉంది, వాటి టూర్ సాధారణంగా చిన్నది, ఖర్చూ తక్కువ. వయోపరిమితి లేకుండా వారాంతాల్లో సాధన చేసే కోర్‌లు కూడా ఉన్నాయి. వీటిలో ఏదీ తక్కువది కాదు. కానీ ఏడాది కష్టపడి గెలుచుకున్న చోటు వదిలి వీటికి వెళ్లమంటే అతనికి బుజ్జగింపులా అనిపించవచ్చు. అందుకని మీరు సూచించకండి, సమాచారం ముందు పెట్టండి. ఎంచుకుంటే అతనే ఎంచుకోవాలి.

భర్తకు చెప్పకుండా డబ్బు కట్టడం గురించి అడిగారు. ఆ డబ్బు మీది, హక్కు మీకుంది. కానీ జరగబోయేది ఊహించండి. మే నెలలో అబ్బాయి బ్యాగు సర్దుకుంటాడు, ఆ రోజు మీవారికి తెలుస్తుంది. అప్పుడు గొడవ డ్రమ్ము గురించి ఉండదు, మీ ఇద్దరి గురించి ఉంటుంది. వేసవంతా ఆ బరువు మోసేది మీరు. అబ్బాయి కూడా అమ్మ దొంగతనంగా పంపిందన్న భావంతోనే మూడు నెలలు గడుపుతాడు. గడువు మరీ దగ్గరైతే, వాయిదాకు కొన్ని రోజులు పొడిగింపు ఇస్తారేమో కోర్ ఆఫీసుని అడగమనండి. అదీ కుదరకపోతే, కట్టండి, కానీ కట్టే రోజే మీవారికి చెప్పండి. "చోటు పోకుండా కట్టాను, వెళ్లాలా వద్దా అన్నది మనం ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం" అని. అది కూడా ఆయనకు కోపం తెప్పిస్తుంది. కానీ తర్వాత తెలియడం కంటే నయం.

డబ్బు కట్టే ముందు కోర్‌ని కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ సంస్థలు లాభాపేక్ష లేనివే కానీ వాటి ఆర్థిక పరిస్థితి ఎప్పుడూ నిలకడగా ఉండదు. ఎన్నో టైటిళ్లు గెలిచిన శాంటా క్లారా వాన్‌గార్డ్ డబ్బు ఇబ్బందుల వల్ల 2023 సీజన్‌కి దూరంగా ఉండాల్సి వచ్చింది, తర్వాత తిరిగొచ్చింది. 1934 నుంచి నడిచిన కెడెట్స్ 2024లో మూతబడింది. కాబట్టి మధ్యలో ఏదైనా జరిగితే ఫీజు వెనక్కి వస్తుందా, గాయమై తిరిగి రావాల్సివస్తే ఎంత ఇస్తారు, ఇన్సూరెన్స్ ఎలా, వెంట వైద్య సిబ్బంది ఉంటారా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. శిక్షకుల నేపథ్యం తనిఖీ చేస్తారా, పిల్లలు ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలి అన్నది కూడా మొహమాటపడకుండా అడగండి. గతంలో ఈ రంగంలో వేధింపుల ఆరోపణలు బయటికొచ్చాకే ఈ విషయాల్లో నియమాలు గట్టిపడ్డాయి. సూటిగా జవాబు చెప్పని కోర్ అయితే, నా మొగ్గు మొత్తం మారిపోతుంది.

ఫీజు మొత్తం మీరే పెట్టక్కర్లేదు. కొంత అతను సంపాదించాలి. చాలామంది పిల్లలు హైస్కూలు డ్రమ్ లైన్లకు పాఠాలు చెప్పి, తెలిసినవాళ్ల దగ్గర విరాళాలు పోగుచేసి కట్టుకుంటారు. కోర్‌లలో స్కాలర్‌షిప్పులూ ఉంటాయి. మిగిలింది మీరు అప్పుగా ఇచ్చినా తప్పులేదు. క్రెడిట్ కార్డు మీద కట్టాల్సిన పరిస్థితి మీదైతే మాత్రం ఈ ఏడాది ఆగడమే నయం. ఆ మాట అబ్బాయికి ఉన్నదున్నట్టు చెప్పండి.

నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. డబ్బు అప్పు చెయ్యకుండా కుదిరితే, కోర్ జవాబులు సరిగ్గా ఉంటే, ఈ వేసవే వెళ్లనివ్వడం మంచిదని నాకనిపిస్తోంది. కానీ మీ ఇంటి లెక్కలు నాకు తెలియవు, నిర్ణయం మీ ముగ్గురిది. ఎవరి వైపు మాట్లాడాలన్నారు కదా. కొన్నాళ్లు ఎవరి మాటా మోయకండి. "నాన్నకి చెప్పమ్మా" అని వాడంటే, "నువ్వే చెప్పు" అనండి. మీవారు "వాడితో చెప్పు" అంటే కూడా అదే జవాబు. ఆడిషన్‌లో పరాయివాళ్ల ముందు ఒంటరిగా వాయించి వచ్చిన కుర్రాడు కన్నతండ్రి ఎదురుగా పావుగంట కూర్చుని మాట్లాడగలడు.

కూర్చునే ముందు మీవారికి ఒక వీడియో చూపించమనండి. ఫైనల్స్ షో వద్దు. దీపాలూ దుస్తులూ చూసి అదంతా ఆర్భాటం అనుకుంటారు. షోకి ముందు డ్రమ్ లైన్లు స్టేడియం బయట పార్కింగ్ స్థలంలో చేతులు వేడెక్కించుకుంటాయి, లాట్ అంటారు. అభిమానులు చుట్టూ మూగి ఫోన్లలో తీసుకుంటారు. అక్కడ కర్రల ఎత్తు, చేతుల కదలిక స్పష్టంగా కనిపిస్తాయి. మీ అబ్బాయి పక్కన కూర్చుని ఏది ఎందుకు కష్టమో చెప్తే ఇంకా మంచిది. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి ఆ ఖచ్చితత్వం కంటికి ఆనుతుంది. ఏటా జులైలో శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్‌లో పెద్ద పోటీ ఉంటుంది. డాలస్ నుంచి కారులో నాలుగైదు గంటలు. వాడు వెళ్లినా వెళ్లకపోయినా ఆ రోజుకి టికెట్లు కొనండి.

వెళ్లడం ఖాయమైతే ఇప్పట్నుంచే రోజూ పరుగు మొదలుపెట్టమనండి. మంచి ఇయర్ ప్లగ్స్ కొనివ్వండి, స్నేర్ లైన్ మధ్యలో మూడు నెలలు నిలబడితే చెవులకు ప్రమాదం. బూట్లు రెండు జతలు ఉండాలి. మే నెల పరీక్షల తేదీలు కోర్ దగ్గర చేరాల్సిన తేదీతో ఢీకొంటాయేమో ప్రొఫెసర్లను ముందే అడిగి పెట్టుకోవాలి. వెళ్లకూడదని తేలితే ఆ మాట కోర్‌కి ఆలస్యం చెయ్యకుండా చెప్పమనండి. చివర్లో మానేస్తే మైదానంలో అతని డాట్ ఖాళీగా మిగులుతుంది, షో అంతా మార్చుకోవాలి. ఇప్పుడే చెప్తే, పోయిన ఏడాది మీ అబ్బాయికిలాగే ఈసారి చోటు దొరకనివాళ్లెవరికో ఫోన్ వెళ్తుంది.